గృహిణి, లబ్ధిదారు, సభ్యురాలు, ఖాతాదారు: స్త్రీల అప్పుకు ఒక చరిత్ర

1

మాటలకు చరిత్ర వుంది. ఆ చరిత్ర నిఘంటువుల్లో కంటే జమాఖర్చు పుస్తకాల్లో ఎక్కువగా దొరుకుతుందని నా అభిప్రాయం. ఒక సమాజం ఒక మనిషిని ఏ పేరుతో పద్దులో రాసుకున్నదో గమనిస్తే, ఆ సమాజం ఆ మనిషి నుంచి ఏమి ఆశించిందో తెలిసిపోతుంది. రైతు అని రాయటం వేరు, కౌలుదారు అని రాయటం వేరు, కూలీ అని రాయటం వేరు. పొలంలో వంగి పనిచేసే నడుము మాత్రం ఒకటే కావచ్చు.

గత యాభై ఏళ్లలో పేద స్త్రీని అప్పు పుస్తకాల్లో నాలుగు పేర్లతో రాశారు. గృహిణి, లబ్ధిదారు, సభ్యురాలు, ఖాతాదారు. ఈ నాలుగు పేర్లూ ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చి పాతదాన్ని తుడిచెయ్యలేదు. ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. ఇవాళ ఒకే స్త్రీ పొద్దున సభ్యురాలుగానూ, మధ్యాహ్నం లబ్ధిదారుగానూ, సాయంత్రం ఖాతాదారుగానూ, జనాభా లెక్కలవాడు వచ్చినప్పుడు గృహిణిగానూ వుంటోంది. ఈ పేర్ల వెనక వున్న చరిత్రను పరిశీలించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇప్పుడెందుకీ పరిశీలన అని పాఠకులు అడగవచ్చు. 2018లో కెనడాలోని షార్లెవాలో ఏడు సంపన్న దేశాల శిఖరాగ్ర సమావేశం జరిగినప్పుడు, ఆ దేశాల అభివృద్ధి పెట్టుబడి సంస్థలు కలిసి ఒక ప్రకటన చేశాయి. స్త్రీల ఆర్థిక సాధికారతకు తోడ్పడే వ్యాపారాల్లోకి 2020 నాటికి 300 కోట్ల డాలర్లు సమీకరిస్తామన్నాయి. 'టూ ఎక్స్ చాలెంజ్' అని దానికి పేరు. అప్పటినుంచి ఈ తరహా పెట్టుబడి ప్రపంచమంతటా పెరిగింది. అభివృద్ధి బ్యాంకులంటే మన వీధి చివర వుండే బ్యాంకు లాంటివి కావు. ప్రజల దగ్గర డిపాజిట్లు తీసుకోవటం వాటి పని కాదు. ప్రభుత్వాల మూలధనంతోనూ, బాండ్లు అమ్మి తెచ్చిన సొమ్ముతోనూ, ఒక సామాజిక లక్ష్యం పేరు చెప్పి దీర్ఘకాలపు అప్పులిస్తాయి, వాటాలు కొంటాయి. ప్రపంచ బ్యాంకు, మన దేశంలో నాబార్డు, సిడ్బీ ఇటువంటివి. వాటి సొమ్ము పేద స్త్రీ గడప దాకా ఎలా వస్తుందో, తిరిగి ఎలా వెళుతుందో తెలుసుకోవటానికి మన తెలుగు నేలకంటే మంచి పాఠ్యపుస్తకం లేదు.

ఇది ఆర్థికశాస్త్రజ్ఞుల పని కదా, సాహిత్య పత్రికలో ఎందుకని మరో ప్రశ్న రావచ్చు. మన ఆధునిక సాహిత్యం మొదలయిందే స్త్రీని, రూపాయిని పక్కపక్కన పెట్టి చూడటంతో. 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' పేరులోనే ఆ లెక్క వుంది. అక్కడ ఆడపిల్లకు వెల కట్టి అమ్మారు. మన కాలంలో ఆమె మాటకు, పరువుకు, పొరుగువారితో వున్న సంబంధానికి వెల కట్టి అప్పిచ్చారు. ఈ రెండో లెక్కను గురజాడ చూడలేదు. చూడవలసింది మనం.

2

ముందు ఒక ప్రాథమిక విషయం. బ్యాంకు అప్పివ్వాలంటే పూచీ అడుగుతుంది. పూచీ అంటే ఆస్తి. ఆస్తి అంటే పల్లెల్లో భూమి, ఇల్లు. ఆ రెండింటి పట్టాలూ మగవాడి పేరు మీద వుంటాయి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం కూతురికి తండ్రి స్వార్జితంలో వాటా ఇచ్చింది కానీ, ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కును కొడుకులకే వుంచింది. ఆంధ్రప్రదేశ్ ఈ విషయంలో దేశానికి దారి చూపించింది. 1985 సెప్టెంబరు నుంచి వర్తించేలా చేసిన రాష్ట్ర సవరణ, పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కునిచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు రావటానికి 2005 దాకా పట్టింది. కాగితం మీద హక్కు వచ్చింది. పట్టాదారు పుస్తకంలో పేరు మారిన కుటుంబాలు ఎన్నో మన చుట్టూ చూసుకుంటే మనకే తెలుస్తుంది.

భూమి లేని స్త్రీకి మిగిలిన పూచీ ఒంటిమీది బంగారం. చెవుల కమ్మలు, ముక్కుపుడక, మరీ కష్టమొస్తే మెడలోని పుస్తెలు. తాకట్టు కొట్టు ఆమె మొదటి బ్యాంకు. చీటీపాట ఆమె రెండో బ్యాంకు. నూటికి నెలకు మూడు రూపాయలో, అయిదు రూపాయలో వడ్డీ తీసుకునే పొరుగింటి ఆసామి మూడో బ్యాంకు. 1969లో 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసినప్పుడు గానీ, 1980లో మరో 6 బ్యాంకులను జాతీయం చేసినప్పుడు గానీ ఈ స్థితి పెద్దగా మారలేదు. బ్యాంకు ఊళ్లోకి వచ్చింది. స్త్రీ బ్యాంకులోకి వెళ్లలేదు. ఆమె దగ్గర అది అడిగే కాగితం లేదు.

ఈ ఒక్క వాస్తవాన్ని గుర్తుంచుకుంటే తర్వాతి చరిత్ర అంతా తేలిగ్గా అర్థమవుతుంది. స్త్రీకి ఆస్తి ఇవ్వకుండా అప్పు ఇవ్వటం ఎలా? గత యాభై ఏళ్లుగా అందరూ వెతికింది ఈ ప్రశ్నకు సమాధానమే. స్త్రీకి ఆస్తి ఎలా ఇవ్వాలన్న ప్రశ్న వెనక్కు పోయింది.

3

మొదటి పేరు గృహిణి.

జర్మన్ సామాజికశాస్త్రవేత్త మారియా మీస్ 1977-78లో పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం ప్రాంతంలో లేసు అల్లే స్త్రీల మధ్య పరిశోధన చేసింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ కార్యక్రమంలో భాగంగా చేసిన ఆ అధ్యయనం 1982లో ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చింది. ఈ పుస్తకాన్ని సాహిత్య విద్యార్థులు తప్పక చదవాలని నేను చెబుతుంటాను. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి డెల్టాకు వచ్చిన ఈ అల్లిక పని, తర్వాత వ్యాపారుల చేతుల్లోకి పోయి, విదేశాలకు ఎగుమతి అయ్యే సరుకయింది. మీస్ అంచనా ప్రకారం అప్పటికే లక్షకు పైగా స్త్రీలు ఆ పనిలో వున్నారు. దారం వ్యాపారిది. దళారీ దాన్ని ఇంటింటికీ పంచుతాడు. ఒకామె పువ్వులు అల్లుతుంది, మరొకామె వాటిని కలిపే అతుకుపని చేస్తుంది. మొత్తం బల్లగుడ్డ ఎలా వుంటుందో, అది ఏ దేశంలో ఎవరి భోజనాల బల్ల మీద పరుచుకుంటుందో అల్లినామెకు తెలియదు. కూలి మాత్రం ముక్కకింత.

ఇంత పనిచేసే స్త్రీ లెక్కల్లో కార్మికురాలు కాదు. గృహిణి. అల్లిక తీరికవేళ చేసుకునే పని. కాబట్టి ఆమెకిచ్చేది కూలి కాదు, చేతిఖర్చు! మీస్ ఎత్తిచూపిన విషయం ఇదే. గృహిణి అన్న మాట ఆమె గౌరవాన్ని కాపాడటానికి కాదు, ఆమె కూలి తగ్గించటానికి పనికొచ్చింది. బయటికి వెళ్లి పొలంలో కూలి చెయ్యకపోవటం పరువుగా భావించే కులాల్లో ఈ మాట ఇంకా బలంగా పనిచేసింది. కులం, లింగం, ప్రపంచ మార్కెట్టు కలిసి ఒక మాటలో ఎలా ఇమిడిపోతాయో చూపటానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. నరసాపురం స్త్రీలకు వ్యాపారం లేక కాదు. వ్యాపారం నిండా వుంది. ఎగుమతి వుంది, విదేశీ మారకం వుంది. లేనిది ఆ వ్యాపారంలో వారి వాటా. 'స్త్రీలకు పని ఇచ్చే వ్యాపారం' అన్నంత మాత్రాన అది స్త్రీలను పైకి తెచ్చే వ్యాపారం కాదని నరసాపురం ఎప్పుడో చెప్పింది.

4

రెండో పేరు లబ్ధిదారు.

1978-79లో మొదలయిన సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం 1980లో దేశమంతటా విస్తరించింది. బర్రె కొనుక్కోటానికి, కుట్టుమిషను కొనుక్కోటానికి బ్యాంకు అప్పు, ప్రభుత్వ సబ్సిడీ. కానీ ఆ అప్పు కుటుంబ పెద్దకు. కుటుంబ పెద్ద అంటే మగవాడు. స్త్రీలకు అందటం లేదని గుర్తించి 1982-83లో ఆ పథకంలోనే ఒక ఉపపథకం పెట్టారు. గ్రామీణ ప్రాంత స్త్రీ శిశు అభివృద్ధి పథకమని పూర్తి పేరు. ఆ పేరు ఎవరికీ గుర్తులేదు. 'డ్వాక్రా' అన్న ఇంగ్లీషు అక్షరాల మూట మాత్రం తెలుగు మాటయి కూర్చుంది. యునిసెఫ్ సాయంతో 50 జిల్లాల్లో మొదలుపెట్టిన ఆ పథకంలో పదిహేను ఇరవై మంది స్త్రీలు ఒక గుంపు. ఆ గుంపుకు ఒక మూలనిధి.

డ్వాక్రాను తేలిగ్గా కొట్టిపారెయ్యటం నాకిష్టం లేదు. స్త్రీలు నలుగురు కలిసి ఒకచోట కూర్చోటానికి అది ఒక కారణం ఇచ్చింది. మండలాఫీసు గుమ్మం తొక్కటానికి ధైర్యం ఇచ్చింది. కానీ లబ్ధిదారు అన్న మాటలోనే దాని పరిమితి వుంది. లబ్ధి అంటే ఇచ్చేవాడు ఇస్తే పొందేది. హక్కు కాదు. జాబితాలో పేరు వుంటే లబ్ధి, లేకపోతే లేదు. జాబితా రాసేవాడి దయ అది. ఎన్నికలొచ్చినప్పుడు లబ్ధిదారుల సభలు ఎలా జరుగుతాయో, లారీల్లో ఎవరు ఎవర్ని ఎక్కిస్తారో మనందరం చూసిందే.

5

మూడో పేరు సభ్యురాలు. ఈ పేరుకు రెండు పుట్టుకలున్నాయి. రెండూ పైనుంచి వచ్చినవి కావు.

మొదటిది అహమ్మదాబాదులో. తోపుడుబళ్ల మీద కూరగాయలమ్మేవారు, తలమీద బరువులు మోసేవారు, పాతబట్టలమ్మేవారు, ఇళ్లలో బీడీలు చుట్టేవారు 1972లో ఇలా భట్ నాయకత్వాన ఒక సంఘంగా ఏర్పడ్డారు. 'సేవ' అని ఆ సంఘానికి పేరు. జాతీయ బ్యాంకుల దగ్గరికి వెళితే చదువురాని, మాసిన బట్టలతో వచ్చిన ఈ స్త్రీలతో బ్యాంకు ఉద్యోగులకు ఎలా మాట్లాడాలో తెలియలేదు. అప్పుడు నాలుగు వేల మంది స్త్రీలు తలా పది రూపాయలు వేసుకుని 1974లో సొంత సహకార బ్యాంకు పెట్టుకున్నారు. సంతకం రానివారికి ఫోటో అంటించిన పుస్తకాలు ఇచ్చారు. ఇక్కడ అప్పు తీసుకునే స్త్రీ ముందు వాటాదారు. తర్వాతే అప్పుదారు. బ్యాంకుకు వచ్చే లాభం ఆమెదే. ఈ తేడాను పాఠకులు గట్టిగా పట్టుకోవాలి.

రెండోది నెల్లూరు జిల్లాలో. 1991లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రిబడుల్లో చదువు నేర్చుకుంటున్న స్త్రీలకు వాచకంలో తాగుబోతు భర్త వల్ల నాశనమయిన ఒక కుటుంబం కథ, సీతమ్మ కథ, పాఠంగా వచ్చింది. దూబగుంట స్త్రీలు ఆ పాఠాన్ని పుస్తకంలో వుంచలేదు. సారా దుకాణం మీదికి తీసుకుపోయారు. ఒక వాచకంలోని పాఠం ఇంత పని చెయ్యటం తెలుగు సాహిత్య చరిత్రలో చేర్చవలసిన సంఘటన అని నేననుకుంటాను. ఊరూరా పాకిన ఆ ఉద్యమం వల్ల 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు. ఖజానాకు మద్యం డబ్బు కావలసి వచ్చింది.

సారాకు పోకుండా మిగిలిన రూపాయిని నెల్లూరు స్త్రీలు పొదుపు చేసుకున్నారు. రోజుకొక్క రూపాయి. 'పొదుపు లక్ష్మి' అని దానికి పేరు పెట్టారు. ఆ సొమ్ము స్త్రీలది. దాన్ని ఎవరికి అప్పివ్వాలో, ఎంత వడ్డీకి ఇవ్వాలో నిర్ణయించేది స్త్రీలు. వచ్చిన వడ్డీ తిరిగి ఆ సంఘానికే.

సరిగ్గా ఇదే కాలంలో, 1992లో, నాబార్డు 500 సంఘాలతో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. సంఘం ముందు పొదుపు చెయ్యాలి, ఆ పొదుపుకు కొన్ని రెట్లు బ్యాంకు అప్పివ్వాలి. పూచీ ఏమిటి? ఆస్తి కాదు, సంఘమే పూచీ. ఒకరు కట్టకపోతే మిగతావారు కట్టాలి. ఆస్తి లేని స్త్రీకి అప్పు ఎలా ఇవ్వాలన్న ప్రశ్నకు సమాధానం దొరికింది. బంగ్లాదేశ్‌లో 1976లో జోబ్రా గ్రామంలో మొదలయి 1983లో బ్యాంకుగా మారిన గ్రామీణ బ్యాంకు కూడా వేరే పద్ధతిలో ఇదే సమాధానం చెప్పింది. స్త్రీల మధ్య వున్న స్నేహం, ఇరుగుపొరుగుతనం, పరువు, ఇవన్నీ తాకట్టు పెట్టదగిన ఆస్తులని బ్యాంకులకు తెలిసింది.

2000 సంవత్సరంలో ప్రపంచ బ్యాంకు అప్పుతో ఆరు జిల్లాల్లో 'వెలుగు' పథకం మొదలయింది. తర్వాత మిగతా జిల్లాలకు విస్తరించి ఇందిరా క్రాంతి పథం అయింది. గ్రామ సంఘం, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య అని అంచెలంచెల నిర్మాణం వచ్చింది. ధాన్యం కొనుగోలు కేంద్రాలను ఈ సంఘాలు నడిపాయి. ఐకేపీ కేంద్రమన్న మాట రైతుల నోట నిలిచిపోయింది. 2004 తర్వాత పావలా వడ్డీ పథకం వచ్చింది. నూటికి నెలకు పావలా, అంటే ఏడాదికి 3 శాతం. 2012లో వడ్డీలేని రుణాలన్నారు. దేశంలో బ్యాంకు అప్పులందుకున్న సంఘాల్లో పెద్ద వాటా తెలుగు జిల్లాలదే అయింది. వీటివల్ల కోట్ల రూపాయల అప్పు తక్కువ వడ్డీకి పేద స్త్రీల చేతికి వచ్చిందన్నది కాదనలేని వాస్తవం. అయితే సభ్యురాలు మళ్లీ మెల్లగా లబ్ధిదారు కావటం కూడా ఈ కాలంలోనే జరిగింది. రోజుకో రూపాయి దాచి సొంత నిధి కూడబెట్టిన సంఘానికి, పైనుంచి వచ్చే పెద్ద అప్పు ముందు ఆ నిధి చిన్నబోయింది. సంఘం సమావేశం వాయిదా వసూలు సమావేశం అయింది.

6

నాలుగో పేరు ఖాతాదారు.

లఘుపరిశ్రమలకు సాయపడేందుకు 1990లో ఏర్పడ్డ సిడ్బీ, 1999లో సూక్ష్మరుణాల కోసం ప్రత్యేక విభాగం పెట్టి, పేదలకు అప్పులిచ్చే సంస్థలకు అప్పులిచ్చింది, కొన్నింటిలో వాటాలు కొన్నది. ఈ సంస్థలకిచ్చే అప్పును ప్రాధాన్య రంగపు అప్పుగా లెక్కించే వీలున్నందువల్ల వాణిజ్య బ్యాంకులు కూడా వాటికి టోకున ఇచ్చాయి. పల్లెల్లో వందలమంది స్త్రీలతో తలనొప్పి పడటం కంటే ఒకే సంస్థకు ఇచ్చెయ్యటం బ్యాంకులకు తేలిక. అభివృద్ధి బ్యాంకు డబ్బు దారి వేసింది. ఆ దారిన లాభం కోరే పెట్టుబడి వచ్చింది. చివరికి షేర్ మార్కెట్టు వచ్చింది. మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో 1990ల చివర స్వచ్ఛంద సంస్థగా మొదలయిన ఎస్.కె.ఎస్. మైక్రోఫైనాన్స్, 2010 ఆగస్టులో స్టాక్ ఎక్స్చేంజిలోకి ఎక్కింది. పది రూపాయల షేరు 985 రూపాయలకు అమ్ముడుపోయింది. దాదాపు 1,650 కోట్లు పోగయ్యాయి. అప్పు తీసుకున్న స్త్రీల పేరు మీద ట్రస్టుల్లో కొన్ని వాటాలు లేకపోలేదు. కానీ వాటిని ఎప్పుడు అమ్మాలో, ఎంతకు అమ్మాలో నిర్ణయించింది వారం వారం వాయిదా కట్టే స్త్రీలు కాదు.

వాయిదా సంగతి కొంచెం చూద్దాం. నేను తెలుగు పంతుల్ని, లెక్కల మాష్టార్ని కాను. అయినా ఈ లెక్క ఎనిమిదో తరగతి పిల్లలు చెయ్యగలరు. పదివేలు అప్పు. వడ్డీ 15 శాతం అన్నారనుకుందాం. 1,500 కలిపితే 11,500. యాభై వారాలు, వారానికి 230. వినటానికి ధర్మవడ్డీ లాగానే వుంది. కానీ మొదటి వారం నుంచే అసలు తీరుతూ వస్తోంది కదా. ఏడాది పొడుగునా ఆమె దగ్గర సగటున వున్నది అయిదువేల పైచిలుకు మాత్రమే. 1,500 వడ్డీ దాని మీద. అంటే నిజం వడ్డీ దాదాపు 30 శాతం. నూటికి రెండున్నర రూపాయల వడ్డీ అన్నమాట. ఊళ్లో నూటికి మూడు తీసుకునే ఆసామికీ దీనికీ తేడా అర్ధరూపాయి. మన పల్లెభాషలో వడ్డీని నెలకు నూటికి ఇంత అని చెబుతారు. ఎవరికయినా అర్థమవుతుంది. సంవత్సరానికి శాతం అని, అదీ 'ఫ్లాట్' అని చెప్పటం భాష మార్చటం. భాష మారినప్పుడు లెక్క కూడా మారుతుంది.

ఒక స్త్రీకి మూడు నాలుగు సంస్థల అప్పులయ్యాయి. ఒకదాని వాయిదా కట్టటానికి ఇంకొకదాని దగ్గర అప్పు. 2006లోనే కృష్ణా జిల్లాలో వసూళ్ల బాధలపై ఫిర్యాదులు వచ్చి, జిల్లా అధికారులు యాభైకి పైగా శాఖలను మూసివేయించారు. ఆ హెచ్చరికను పెట్టుబడిదారులు పట్టించుకోలేదు. 2010 నాటికి పరిస్థితి ఆత్మహత్యల దాకా వచ్చింది. డజన్ల కొద్దీ మరణాలను పత్రికలు రాశాయి. స్నేహాన్ని పూచీగా తీసుకున్న పద్ధతి తన రెండో ముఖం చూపించింది. వాయిదా కట్టలేని స్త్రీ గడప ముందు నిలబడింది వడ్డీవ్యాపారి గూండా కాదు. నిన్నటిదాకా కలిసి బతుకమ్మ ఆడిన పొరుగింటి వదిన. ఆమె తిట్టకపోతే ఆమె కట్టాలి.

2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. సంస్థలు జిల్లాలో రిజిస్టరు కావాలి, ఇళ్ల దగ్గర వసూలు చెయ్యకూడదు, వారాల వాయిదా పోయి నెలల వాయిదా రావాలి, వడ్డీ అసలును మించకూడదు. వసూళ్లు ఆగిపోయాయి. 2011 జనవరిలో రిజర్వు బ్యాంకు వేసిన మాలెగాం కమిటీ, వడ్డీకి 24 శాతం పరిమితి సూచించింది. ఇక్కడ మనం నిజాయితీగా ఒప్పుకోవలసిన విషయం ఒకటుంది. ఆ చట్టం ఒక రకం అప్పును ఆపగలిగింది కానీ అప్పు అవసరాన్ని ఆపలేదు. ఆసుపత్రి ఖర్చు, పిల్లల ఫీజు, పెళ్లి, వానలు లేని ఏడు, ఇవి ఏ ఆర్డినెన్సుకూ లొంగవు. చాలామంది తిరిగి పాత వడ్డీవ్యాపారి గుమ్మమే తొక్కారు. తర్వాత కథ కూడా చెప్పుకోవాలి. 2022లో రిజర్వు బ్యాంకు సూక్ష్మరుణాల వడ్డీ పరిమితిని ఎత్తేసింది. 2023లో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు నియంత్రణలో వున్న ఈ సంస్థలకు ఆ రాష్ట్ర చట్టం వర్తించదన్నది. ఆ పాత కంపెనీ పేరు మార్చుకుని 2019లో ఒక ప్రైవేటు బ్యాంకులో కలిసిపోయింది. కాబట్టి ఇది ముగిసిన అధ్యాయం కాదు.

అప్పులు స్త్రీలకు స్వతంత్రం తెచ్చాయా అన్న దానికి కూడా ఆధారం మన దగ్గరే వుంది. తర్వాత నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మరి ఇద్దరితో కలిసి హైదరాబాదులోని 104 పేదల బస్తీల్లో ఏళ్ల తరబడి పరిశీలన చేసి 2015లో ఫలితాలు ప్రచురించారు. అప్పులందిన బస్తీల్లో అంతకుముందే వున్న చిన్న వ్యాపారాలు కొన్ని పెరిగాయి. కుటుంబాల మొత్తం ఖర్చులో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు. ఇంట్లో స్త్రీ నిర్ణయాధికారంలో మార్పు కనపడలేదు. సర్వనాశనమూ కాదు, సాధికారతా కాదు. అప్పు అప్పులాగే పనిచేసింది!

7

ఇప్పుడు సాహిత్యం దగ్గరికి వద్దాం. ఈ నలభై ఏళ్లలో స్త్రీల అప్పును గురించి అత్యధికంగా అచ్చయిన తెలుగు వచనం ఏది? కథ కాదు, నవల కాదు. 'విజయగాథ'. ప్రభుత్వ శాఖల కరపత్రాల్లో, బ్యాంకుల నివేదికల్లో, సంస్థల కాలెండర్లలో వచ్చే ఒక పేజీ కథ. దాని నిర్మాణం ఎప్పుడూ ఒకటే. ఒక ఊళ్లో ఒక పేదరాలు. భర్త తాగుబోతు. సంఘంలో చేరింది. అప్పు తీసుకుంది. బర్రెను కొన్నది. పాలు అమ్మింది. అప్పు తీర్చింది. ఇప్పుడు పిల్లలు ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నారు.

ఈ నిర్మాణం మనకు కొత్తదా? కాదు. ఇది వ్రతకథ. ఒక ఊళ్లో ఒక పేద ఇల్లాలు, ఆమెకు ఎవరో వ్రతం చెప్పటం, నియమం తప్పకుండా చెయ్యటం, సిరిసంపదలు కలగటం, చివర ఫలశ్రుతి. వారం వారం వాయిదా, వారం వారం నోము. వ్రతకథలో ఇంకొక సూత్రం కూడా వుంది. ఫలితం రాకపోతే తప్పు వ్రతానిది కాదు, చేసినామెది. ఎక్కడో నియమం తప్పివుంటుంది. 2010లో అప్పుల కింద నలిగిన స్త్రీల గురించి కొందరు పెద్దలు అన్నది కూడా ఇదే. అప్పును వ్యాపారానికి వాడకుండా ఖర్చు పెట్టుకున్నారట! వర్షం, ధర, జబ్బు, భూమి లేకపోవటం, ఇవేవీ ఆ కథలోకి రావు. విజయగాథకు పాత్ర వుంటుంది కానీ పరిసరం వుండదు. పరిసరం లేని పాత్రను నమ్మించటం వాస్తవిక సాహిత్యానికి చేతకాదు. ప్రకటనకు చేతనవుతుంది.

స్త్రీవాద కవిత్వం మన దగ్గర బలంగా వచ్చిన కాలమూ, ఈ సంఘాలు పెరిగిన కాలమూ దాదాపు ఒకటే. 'నీలిమేఘాలు' సంకలనం వచ్చింది 1993లో, సారా నిషేధం వచ్చిన ఏడే. ఆ కవిత్వం వంటిల్లు, శరీరం, మాతృత్వం గురించి మాట్లాడిన ధైర్యం చిన్నది కాదు. కానీ నేను చదివినంతలో పాసుపుస్తకం మన సాహిత్యంలో రావలసినంతగా రాలేదు. వంటింటి రాజకీయాన్ని విప్పినట్టే వాయిదా రాజకీయాన్నీ విప్పవలసి వుంది. దారి మనకు తెలియనిదేమీ కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల నోటిమాటలను స్త్రీశక్తి సంఘటన వారు సేకరించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా ప్రచురించారు. అదే పద్ధతిలో డ్వాక్రా మొదటి తరం స్త్రీల మాటలను ఇప్పుడు రాసుకోవాలి. వారిలో చాలామంది అరవై, డెబ్భై దాటారు. పాత మినిట్స్ పుస్తకాలు అటకల మీద చెదలు తింటున్నాయి. కొత్తగా చదువు నేర్చిన చేతులు రాసిన ఆ పుస్తకాల్లోని తెలుగు, మన గద్య చరిత్రకు విలువైన ఆధారం. తెలుగు ఎం.ఏ. విద్యార్థులు పరిశోధనకు విషయం దొరకటం లేదని నాతో అంటుంటారు. ఇది వుంది.

8

మళ్లీ మొదటి ప్రశ్నకు వస్తాను. అభివృద్ధి బ్యాంకులు 2018లో పెట్టుకున్న కొలతల్లో అనేక ద్వారాలున్నాయి. వ్యాపారంలో 51 శాతం స్త్రీల యాజమాన్యం ఒక ద్వారం. పైస్థాయి పదవుల్లో స్త్రీల వాటా ఇంకొకటి. ఉద్యోగుల్లో స్త్రీల వాటా మరొకటి. సరుకు గానీ సేవ గానీ ప్రత్యేకించి స్త్రీలకు ఉపయోగపడటం మరొకటి. అప్పటి నిబంధన ప్రకారం వీటిలో ఒక్క ద్వారం దాటితే చాలు. ఈ కొలతలు అర్థం లేనివని నేననను. స్త్రీని లెక్కలోకే తీసుకోని కాలం కంటే ఇది ముందడుగు. కానీ మన చరిత్రతో పోల్చి చూడండి. ఉద్యోగుల్లో స్త్రీల వాటా ఒక్కటే చూస్తే, పనివాళ్లంతా స్త్రీలే అయిన నరసాపురం లేసు వ్యాపారం నెగ్గుతుంది. స్త్రీలకు సేవ అన్న ఒక్కటే చూస్తే, ఖాతాదారులంతా స్త్రీలే అయిన 2010 నాటి సూక్ష్మరుణ కంపెనీ నెగ్గుతుంది. పనిచేసే స్త్రీ, కొనే స్త్రీ, అప్పు తీసుకునే స్త్రీ ఎంతమంది వున్నా, లాభం ఎటు పోతున్నదో అడగనంతవరకు ఆ లెక్క సగం లెక్కే.

ప్రభుత్వాలు కూడా ఈ సగం లెక్క చేశాయి. 2013లో వెయ్యి కోట్ల మూలధనంతో భారతీయ మహిళా బ్యాంకు పెట్టారు. 2017 ఏప్రిల్‌లో దాన్ని స్టేట్ బ్యాంకులో కలిపేశారు. పేరులో మహిళ వుంది, వాటాల్లో లేదు. పెట్టినవారే మూసినప్పుడు అడిగే హక్కు ఏ స్త్రీకీ లేకపోయింది.

దీనికి ఎదురుగా ముల్కనూరును పెట్టి చూడండి. పాత కరీంనగర్ జిల్లా భీమదేవరపల్లి మండలంలో పొదుపు సంఘాల స్త్రీలే సభ్యులుగా, స్త్రీలే పాలకవర్గంగా 2002లో స్వకృషి మహిళా డెయిరీ నిలబడింది. ప్రభుత్వ జోక్యాన్ని తగ్గిస్తూ 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద అది నడుస్తోంది. గడ్డి కోసేది స్త్రీ, పాలు పితికేది స్త్రీ, పేడ ఎత్తేది స్త్రీ. పాల డబ్బు మగవాడి జేబులోకి పోవటం లోకరీతి. ఇక్కడ పాలుపోసే సభ్యత్వం స్త్రీది కాబట్టి బిల్లు స్త్రీ పేరు మీద వస్తుంది, మిగులు స్త్రీల సహకార సంఘానికే చేరుతుంది. అహమ్మదాబాదులో 1974లో పది రూపాయల వాటాతో మొదలయిన సూత్రమే ఇది. ఇది స్వర్గమని నేను చెప్పటం లేదు. పాల ధర పడిపోతే సహకార సంఘమూ కుంగుతుంది. భూమి లేనిదే గడ్డి లేదు, గడ్డి లేనిదే బర్రె లేదు, కాబట్టి అందరికంటే పేదరాలు ఇక్కడా గేటు బయటే వుండిపోవచ్చు. కానీ లాభనష్టాల గురించి వాదించే హక్కున్న చోటు అది. ఆ హక్కు వున్నచోట ఓడిపోవటం కూడా ఒక అనుభవమవుతుంది.

గృహిణి, లబ్ధిదారు, సభ్యురాలు, ఖాతాదారు. ఈ నాలుగింటిలో సభ్యురాలన్న పేరు ఒక్కటే స్త్రీలు తమకు తాము పెట్టుకున్నది. మిగతా మూడూ ఎవరో పెట్టినవి. అయిదో పేరు ఒకటి వుంది. యజమాని. తెలుగులో ఆ మాటకు స్త్రీలింగం యజమానురాలు. మన వాడుకలో దానికి ఇంటి యజమాని పెళ్లాం అనే అర్థమే ఎక్కువ. ఆ మాటకు దాని అసలు అర్థం వచ్చేదాకా, స్త్రీల పేరు చెప్పి పెట్టే ప్రతి పెట్టుబడినీ మనం అడగవలసిన ప్రశ్న ఒకటే: ఆ వ్యాపారం ఎవరిది?